అత్తగారి పిక్కల నొప్పి, డి విటమిన్ బిళ్లలు, అడ్డపొగ

విజయనగరం నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ పేటా బయట పెట్టవద్దని కోరారు కాబట్టి సంగతులు మాత్రం క్లుప్తంగా ఇస్తున్నాను. ఆమెకు నలభై మూడేళ్లు, అత్తగారికి డెబ్బై ఒకటి. అత్తగారి కాపురమంతా ఉద్దానంలో, కవిటి మండలంలోని ఒక ఊళ్లో, కొబ్బరితోటల మధ్య గడిచింది. ఆరేళ్ల కిందట మామగారు కిడ్నీ జబ్బుతో పోయాక తోట కౌలుకిచ్చి కొడుకు దగ్గరకు వచ్చేశారు. ఇక్కడ వీరుండేది రెండో అంతస్తులో అద్దె వాటా. అత్తగారు మెట్లు దిగి బయటకు రావడం నెలకు ఒకటి రెండు సార్లకు మించదు. భర్త విశాఖలో పని చేస్తూ శని, ఆదివారాలు మాత్రమే ఇంట్లో ఉంటారు.

అత్తగారికి రెండేళ్లుగా నడిస్తే పిక్కలు పట్టేస్తున్నాయి. కిందటేడు సిరిమాను పండుగకు మూడు లాంతర్ల నుంచి కోట దాకా నడవడానికి నాలుగు చోట్ల ఆగారట. ఆగి నిలబడితే రెండు మూడు నిమిషాల్లో నొప్పి సర్దుకునేది, మళ్లీ నడిస్తే మళ్లీ వచ్చేది. పండుగ తర్వాత హైదరాబాదులో ఉండే వదిన, అంటే అత్తగారి కూతురు, ఆమెను తీసుకెళ్లి ఒంటి పరీక్షలన్నీ ఒకేసారి చేయించారు. డి విటమిన్ మిల్లీలీటరుకు 9 నానోగ్రాములే ఉందని తేలింది. అక్కడి డాక్టరు వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు 60,000 యూనిట్ల బిళ్ల వాడి, మళ్లీ పరీక్ష చేయించమన్నారు. మళ్లీ పరీక్ష జరగలేదు. వదిన పంపుతున్నారు, అత్తగారు వేసుకుంటున్నారు, అలా పదకొండు నెలలైంది. మధ్యలో వీధిలో వైద్యం చేసే ఒకాయన రెండుసార్లు 6 లక్షల యూనిట్ల సూది వేశారు. రోజూ రెండు కాల్షియం బిళ్లలు వీటికి అదనం.

రెండు నెలల కిందట స్థానికంగా ఒక డాక్టరు కాళ్ల దగ్గర బీపీ కొలిచి, కుడి కాలికి 0.68, ఎడమ కాలికి 0.82 వచ్చిందని, కాళ్లకు రక్తం తీసుకెళ్లే నాళాలు సన్నబడ్డాయని చెప్పి, ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ రాశారు, చుట్ట మానమన్నారు. అత్తగారిది అడ్డపొగ, అంటే అంటించిన కొస నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు, నలభై ఏళ్లుగా ఉంది. “ఈ వయసులో సుట్ట మానీసి నానేటి సేస్తాను?” అన్నారట. జబ్బుకు మూలం డి విటమిన్ తక్కువ కావడమేనని, అది సరిచేస్తే నాళాలు వాటంతటవే తెరుచుకుంటాయని, కొలెస్ట్రాల్ బిళ్ల కాలేయాన్ని పాడుచేస్తుందని వదిన ఫోనులో చెప్పాక, అత్తగారు ఆ బిళ్ల ఆపేశారు. మూడు వారాలుగా ఆమెకు దాహం ఎక్కువైంది, మలబద్ధకం, అన్నం చూస్తే వికారం, రాత్రిళ్లు పదేపదే మూత్రానికి లేవడం. డి తక్కువ కావడం వల్లే నాళాలు పూడాయా, కాల్షియం బిళ్లలు నాళాల్లో పేరుకుంటాయన్నది నిజమా, వదినతో తగవు పడకుండా ఏం చేయాలి అని ఈ సోదరి అడుగుతున్నారు.

అమ్మా, మీ మూడు ప్రశ్నల కంటే ముందు, చివరి పేజీలో రెండు వాక్యాల్లో రాసి వదిలేసిన ఆ దాహం, మలబద్ధకం సంగతి దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ నెమ్మదిగా ఆలోచించుకోవచ్చు గాని ఇది ఆగేది కాదు. పదకొండు నెలలంటే సుమారు 48 వారాలు. వారానికి 60,000 చొప్పున 28 లక్షల 80 వేల యూనిట్లు, సూదుల ద్వారా మరో 12 లక్షలు, వెరసి దాదాపు 41 లక్షలు. రోజుల మీద పంచితే రోజుకు 12 వేల యూనిట్లకు పైనే. డెబ్బై దాటినవారికి రోజుకు 800 యూనిట్లు చాలునని, వైద్యుని కనుసన్న లేకుండా 4,000 దాటకూడదని అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2010లో చెప్పింది. బాగా తక్కువగా ఉన్నవారికి ఎనిమిది వారాల పాటు 60,000 ఇవ్వడం మన దగ్గర మామూలుగా చేసే వైద్యమే. హైదరాబాదు డాక్టరు రాసిన దానిలో తప్పు లేదు. ఎనిమిది వారాలతో ఆగవలసినది నలభై ఎనిమిది వారాలు సాగడంలోనే చిక్కంతా ఉంది.

డి విటమిన్ నీటిలో కరిగేది కాదు, ఎక్కువైతే మూత్రంలో పోదు, ఒంటి కొవ్వులో నిలవ ఉంటుంది. మోతాదు మించితే అది పేగుల నుంచి, ఎముకల నుంచి కాల్షియాన్ని లాగి రక్తంలో పోస్తుంది. రక్తంలో కాల్షియం పెరిగితే కనిపించేవి సరిగ్గా మీరు రాసినవే: దాహం, ఎక్కువ మూత్రం, మలబద్ధకం, వికారం, నీరసం, ముదిరితే మాట తడబడి మనిషి మత్తుగా ఉండడం. మీరు ఉత్తరానికి జతచేసిన చీటీలో బీపీ బిళ్ల టెల్మిసార్టన్‌తో పాటు హైడ్రోక్లోరోథయజైడ్ కలిసినదని ఉంది. ఈ రెండో మందు కాల్షియం మూత్రంలోకి పోకుండా పట్టి ఉంచుతుంది కాబట్టి అది కూడా ఈ భారానికి చేయి వేసి ఉండవచ్చు. ఇవన్నీ ఉన్నంత మాత్రాన కాల్షియం పెరిగిందని నేను ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పలేను. దాహం, మూత్రం షుగరు వల్ల కూడా కావచ్చు. తేల్చేది రక్తపరీక్ష ఒక్కటే.

కాబట్టి డి బిళ్లలు, కాల్షియం బిళ్లలు ఈ రోజే ఆపండి. వాటిని కొన్నాళ్లు ఆపడం వల్ల ఆమెకు వచ్చే నష్టమేమీ లేదు. బీపీ బిళ్లను మాత్రం మీకు మీరుగా ఆపవద్దు, దాని సంగతి డాక్టరు నిర్ణయించాలి. ఒకటి రెండు రోజుల్లో ఆమెను జనరల్ మెడిసిన్ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి సీరం కాల్షియం, ఆల్బుమిన్, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, షుగరు, డి విటమిన్ పరీక్షలు చేయించండి. డి ఫలితం ఆలస్యమైనా పర్వాలేదు, కాల్షియం, క్రియాటినిన్ మాత్రం ఆ రోజే చేతికి రావాలి. మత్తుగా ఉన్నా, వాంతులు ఆగకపోయినా ఆ ఒకటి రెండు రోజులు కూడా చూడకుండా ఆసుపత్రికి వెళ్లండి. బిళ్లల డబ్బా, సూదులు వేసిన తేదీలు రాసిన కాగితం వెంట ఉండాలి. ఆ సూదుల సంగతి చెప్పకపోతే డాక్టరు లెక్క సగంలోనే ఆగిపోతుంది.

క్రియాటినిన్ అని నేను ప్రత్యేకంగా అనడానికి కారణం ఉంది. మీ అత్తగారు కవిటిలో జీవితం గడిపిన మనిషి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో షుగరు, బీపీ లేనివారికి కూడా మూత్రపిండాలు ఎలా దెబ్బతింటున్నాయో మీ ఇంట్లోనే చూశారు. ఆ జబ్బు మొదట్లో నొప్పి లేకుండా, వాపు లేకుండా నడుస్తుంది. డి విటమిన్‌కు మూత్రపిండాలతో నేరుగా సంబంధం ఉంది: ఎండ తగిలి చర్మంలో పుట్టిన డి కాలేయంలో ఒక మార్పు చెంది, చివరకు మూత్రపిండంలో మరో మార్పు చెందితేనే ఒంటికి పనికొచ్చే రూపానికి వస్తుంది. మూత్రపిండం బలహీనమైతే ఆ చివరి పని కుంటుపడుతుంది, రక్తంలో ఫాస్ఫరస్ పేరుకుంటుంది, నాళాల గోడల్లో సున్నం చేరడం వేగమవుతుంది. అలాంటి మనిషికి డి ఇవ్వాలా, ఏ రూపంలో, ఎంత అన్నది వేరే లెక్క. మామగారు పోయినప్పటి నుంచి అత్తగారికి ఒక్కసారైనా క్రియాటినిన్ చూశారా అన్నది మీ ఉత్తరంలో లేదు. హైదరాబాదు కాగితాల్లో తప్పకుండా ఉండి ఉంటుంది, వెతికి తీయండి. ఇప్పటి అంకె కంటే, అప్పటి అంకెతో పోల్చి చూసిన తేడా ఎక్కువ చెబుతుంది.

ఇక మీ మొదటి ప్రశ్న. మీ వదినగారు చెప్పినది గాలిలోంచి పుట్టిన మాట కాదు, ఒకప్పుడు వైద్యులు కూడా గట్టిగా అనుమానించిన విషయమే. 2008లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనంలో 1,739 మందిని పరిశీలిస్తే, డి 15 కంటే తక్కువ ఉన్నవారికి గుండె, రక్తనాళాల జబ్బులు మిగతావారికంటే సుమారు 60 శాతం ఎక్కువగా వచ్చాయి. నాళాల గోడల కణాల్లో డి విటమిన్‌ను అందుకునే గ్రాహకాలు ఉన్నాయి, బీపీని పెంచే రెనిన్ తయారీని డి అణచిపెడుతుందని ఎలుకల మీద తేలింది. ఇన్ని తెలిశాక, డి ఇస్తే గుండెపోట్లు తగ్గుతాయని ఆశపడడం సహజమే.

ఆ ఆశను పరీక్షించడానికి సగం మందికి డి, సగం మందికి ఏ మందూ లేని ఉత్త బిళ్ల ఇచ్చి ఏళ్ల తరబడి చూశారు. అమెరికాలో వైటల్ అనే పరీక్షలో 25,871 మందికి రోజుకు 2,000 యూనిట్లు ఐదేళ్లకు పైగా ఇచ్చారు. 2018లో ఫలితం వచ్చింది: గుండెపోటు, పక్షవాతం తగ్గలేదు. న్యూజిలాండ్‌లో 5,110 మందికి నెలకు లక్ష యూనిట్లు ఇచ్చి చూస్తే 2017లో అదే జవాబు వచ్చింది. ఆస్ట్రేలియాలో 60 నుంచి 84 ఏళ్ల వయసున్న 21,315 మందికి, మీ ఇంట్లో ఉన్నలాంటి 60,000 యూనిట్ల బిళ్లనే, నెలకొకటి చొప్పున ఐదేళ్లు ఇచ్చారు. 2023లో ప్రచురించిన ఆ లెక్కలో ఉత్త బిళ్ల వేసుకున్నవారిలో 6.6 శాతం మందికి, డి వేసుకున్నవారిలో 6.0 శాతం మందికి పెద్ద గుండె, నాళాల జబ్బు వచ్చింది. కాస్త తేడా ఉంది గాని, కేవలం యాదృచ్ఛికంగా కూడా అంత తేడా రావచ్చని పరిశోధకులే రాశారు. అక్కడ నెలకొకటి, ఇక్కడ వారానికొకటి అన్నది కూడా గమనించండి. ఈ పరీక్షల్లో పాల్గొన్నవారిలో చాలామందికి మొదటి నుంచే డి మరీ తక్కువగా లేదు. మీ అత్తగారిలా 9 ఉన్నవారికి కొంత మేలు ఉండదని ఎవరూ ఒట్టు వేసి చెప్పలేరు. అయితే ఒకసారి సన్నబడిన నాళాన్ని డి తెరిచిందని మాత్రం ఏ పరీక్షా చూపలేదు.

మరి ఫ్రామింగ్‌హామ్‌లో ఆ రెండూ ఎందుకు కలిసి కనిపించాయి? మీ అత్తగారి కథనే ఒకసారి వెనక నుంచి చదవండి. తోటల్లో తిరిగిన మనిషి రెండో అంతస్తుకు వచ్చారు. కొన్నేళ్లకు పిక్కలు పట్టేయడం మొదలైంది, మెట్లు దిగడం మానేశారు, ఎండ మొహం చూడడం తగ్గింది. డెబ్బై ఏళ్ల చర్మం ఎండ తగిలినా పడుచు చర్మమంత డి తయారుచేయదు. అలా 9కి చేరింది. అంటే డి పడిపోవడం వల్ల కాళ్ల నాళాలు సన్నబడ్డాయి అనడం కంటే, కాళ్లు మొరాయించడం వల్ల డి మరింత పడిపోయింది అనడమే ఆమె విషయంలో ఎక్కువ పొసగుతుంది. నడవలేని మనిషికి, జబ్బుతో మంచాన ఉన్న మనిషికి, ఒళ్లు పెరిగిన మనిషికి, మూత్రపిండాలు దెబ్బతిన్న మనిషికి డి తక్కువే ఉంటుంది. వారికి నాళాల జబ్బులు కూడా ఎక్కువే. రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి కాబట్టి ఒకదానికి ఇంకొకటి తల్లి అనుకోవడం తేలిక. మీ వదినగారు పడిన పొరపాటు ఇదే, ఆమె కంటే పెద్ద చదువులు చదివినవారు కూడా ఇదే పడ్డారు.

నొప్పి తీరు కూడా ఇదే చెబుతోంది. డి తక్కువవడం వల్ల వచ్చే నొప్పి సన్నగా, లోతుగా, ఎముకల్లో ఉంటుంది. నడుము, పక్కటెముకలు, తొడలు సలుపుతాయి, పీట మీద నుంచి లేవాలంటే తొడల్లో బలం చాలదు, కూర్చున్నా పడుకున్నా అది ఉంటుంది. ఇంత దూరం నడవగానే పిక్క పట్టేసి, నిలబడితే రెండు నిమిషాల్లో వదిలేసేది రక్తం చాలక కండరం పెట్టే గోడు. నడుం వంచి కూర్చుంటేనే తగ్గేదయితే వెన్నులో నరం నొక్కుకోవడం అనుకోవాలి గాని, మీ అత్తగారికి నిలబడితే చాలు. పైగా కొలతే ఉంది. చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో భాగిస్తే మామూలుగా 1.0 నుంచి 1.4 మధ్య రావాలి, 0.9 గాని అంతకంటే తక్కువ గాని వస్తే నాళం సన్నబడినట్టు లెక్క. 0.68 అంటే అనుమానానికి చోటు లేదు. పండుగనాడు ఎన్నిసార్లు ఆగారో, ఎంతసేపు నిలబడ్డారో మీరు లెక్కపెట్టి రాశారు చూడండి, రోగ నిర్ధారణలో సగం అక్కడే ఉంది.

రెండో ప్రశ్న కాల్షియం గురించి. తిండిలో వచ్చే కాల్షియం వల్ల నాళాలకు హాని ఉన్నట్టు ఆధారం లేదు. మీ ఇంట్లో చోడి అంబలి, పాలు, ముల్లుతో సహా తినే నెత్తళ్లు ఉంటే అవి మంచి ఆహారమే. వంద గ్రాముల చోళ్లలో 350 మిల్లీగ్రాముల వరకు కాల్షియం ఉంటుంది. ఎండు చేపల్లో మాత్రం ఉప్పు బీపీకి చేటు. బిళ్లల రూపంలో తీసుకునే కాల్షియం మీద తగవుంది: 2010లో న్యూజిలాండ్ పరిశోధకులు పాత పరీక్షలన్నీ కలిపి చూసి, కాల్షియం బిళ్లలు వాడినవారిలో గుండెపోట్లు 30 శాతం దాకా ఎక్కువగా ఉన్నాయన్నారు. తర్వాత వచ్చిన కొన్ని లెక్కలు ఆ మాటను ఒప్పుకోలేదు. ఆ తగవు తేలేదాకా, తిండితో సరిపెట్టుకోగలిగినవారు బిళ్ల జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా ఆ అంబలి, పాలు కూడా మామూలుగా తీసుకునేంతే ఉండనివ్వండి, పెంచవద్దు.

అయితే డి అతిగా ఎక్కించి దాని మీద కాల్షియం పోయడం వేరే సంగతి, అక్కడ నాళాలకు ముప్పు ఉంది. ప్రయోగశాలల్లో ఎలుకల పెద్ద నాళాలను కావాలని గట్టిపరచి చూడవలసి వచ్చినప్పుడు పరిశోధకులు వాడే పద్ధతుల్లో ఒకటి ఏమిటో తెలుసా? భారీ మోతాదు డి విటమిన్, దానితో పాటు నికోటిన్. వారు వాడే మోతాదు బరువుతో పోల్చితే మీ అత్తగారు తీసుకున్నదానికి ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి, ఆమె నాళాలకు అదే జరిగిందని నేను అనను. కానీ నాళాలను కాపాడాలని ఇస్తున్న వస్తువు, చుట్టతో కలిసి, ఏ దిక్కుకు నడవగలదో మీ వదినగారికి తెలియాలి. ఏడాదికోసారి పెద్ద సూది వేయించుకుంటే చాలదా అని ఎవరైనా అంటే, ఆస్ట్రేలియాలో డెబ్బై దాటిన 2,256 మంది స్త్రీలకు ఏటా ఒకేసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చిన పరీక్ష గుర్తుంచుకోండి. 2010లో వెలువడిన ఆ ఫలితం ప్రకారం, డి తీసుకున్నవారే ఎక్కువగా కింద పడ్డారు, ఎముకలు కూడా వారికే ఎక్కువగా విరిగాయి.

పరీక్షల ఫలితాలు వచ్చాక మీ ముందు మూడు దారుల్లో ఒకటి తెరుచుకుంటుంది. కాల్షియం ఎక్కువగా ఉంటే ఆసుపత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించవలసి రావచ్చు, బీపీ బిళ్ల మారుస్తారు, డి ఒంట్లోంచి తగ్గడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది కాబట్టి ఒకసారి తగ్గిందని వదిలేయకుండా మళ్లీ మళ్లీ చూడాలి. కాల్షియం, మూత్రపిండాలు బాగానే ఉండి డి మాత్రం పెరిగి ఉంటే, ఏమీ వేయకుండా మూడు నెలలు ఆగి, తర్వాత డాక్టరు సలహాతో రోజుకు ఎనిమిది వందలో వెయ్యో యూనిట్ల చిన్న మోతాదు మొదలుపెట్టవచ్చు. డి వల్ల ఎముకలకు మేలుంది, 9కి పడిపోయిన మనిషిని మళ్లీ అక్కడికి జారనివ్వకూడదు. క్రియాటినిన్ పెరిగి ఉంటే మాత్రం మూత్రపిండాల డాక్టరు చూడకుండా డి, కాల్షియం ఏ రూపంలోనూ మొదలుపెట్టవద్దు. ఉద్దానం బంధువుల రాకపోకలు ఉన్నాయి కాబట్టి, పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మీకు కొత్త చోటు కాదు. అంత దూరం వద్దనుకుంటే విశాఖలో మీ వారి పని దగ్గరే చూపించుకోవచ్చు.

కొలెస్ట్రాల్ బిళ్ల విషయంలో నా మాట కొంచెం గట్టిగానే ఉంటుంది. కాళ్ల నాళాలు సన్నబడిన మనిషికి గుండె నాళాలు, మెదడు నాళాలు కూడా ఎంతో కొంత అలాగే ఉంటాయి. ఆమెకు అసలు ప్రమాదం పిక్క నొప్పి కంటే గుండెపోటు, పక్షవాతం నుంచే ఎక్కువ. బ్రిటన్‌లో 20,536 మంది మీద చేసి 2002లో ప్రచురించిన పరీక్షలో స్టాటిన్ బిళ్ల ఆ ముప్పును దాదాపు నాలుగో వంతు తగ్గించింది, వారిలో కాళ్ల నాళాల జబ్బు ఉన్నవారే 6,748 మంది. కాలేయం గురించి భయం ఉంటే దానికి దారి ఉంది: కాలేయ పరీక్ష ఒకసారి చేయించి మొదలుపెట్టడం, రెండు మూడు నెలలకు మళ్లీ చూడడం. కండరాల నొప్పి వస్తే మోతాదు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు. ఆపేసి ఊరుకుంటే ఈ రోజు ఏమీ కనిపించదు, ఆ కనిపించకపోవడమే మనల్ని మోసం చేస్తుంది. వికారం ఉన్న ఈ వారంలోనే మళ్లీ మొదలుపెట్టాలా, కాల్షియం సంగతి తేలాకనా అని ఆ డాక్టరునే అడగండి.

చుట్ట మాటకు వస్తే, అడ్డపొగ మన ఉత్తరాంధ్ర స్త్రీల అలవాటుగా ప్రపంచ వైద్య గ్రంథాలకు ఎక్కింది. ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామీణులను చూసి అడ్డపొగ వల్ల అంగిలికి జరిగే హానిని వివరించిన పరిశోధన 1971లోనే వచ్చింది. కాబట్టి ఆసుపత్రికి వెళ్లిన రోజే ఆమె అంగిలి చూడమని కూడా అడగండి: తెల్లని మచ్చ, ఎర్రని ఒరుపు, మానని పుండు ఏదైనా ఉంటే ఇప్పుడే తెలియడం మేలు. ఇక నాళాల సంగతి: ఆమె కాళ్లకు ఇప్పుడు చేయగలిగినవాటిలో చుట్ట మానడంతో సరితూగేది ఇంకొకటి లేదు. మానకపోతే మందులు వేసుకుంటున్నా నాళం సన్నబడుతూనే ఉంటుంది, చివరకు వేలో పాదమో తీసేయవలసిన స్థితి వచ్చే అవకాశం పెరుగుతుంది.

కానీ నలభై ఏళ్ల అలవాటును, భర్త పోయి, ఊరు వదిలి, నాలుగు గోడల మధ్య కూర్చున్న మనిషి నుంచి ఒక్క మాటతో లాగేయలేరు. “సుట్ట మానీసి నానేటి సేస్తాను” అన్నది మొండితనం అని మీరు రాశారు. నాకు అందులో నిజమైన ప్రశ్నే వినిపిస్తోంది: పగలంతా ఏం చేయాలి, ఎవరితో మాట్లాడాలి? మూడు విధాలుగా ప్రయత్నించవచ్చు. ఒక రోజు అనుకుని ఒకేసారి మానేయడం: మొదటి రెండు వారాలు చిరాకు, నిద్రలేమి గట్టిగా ఉంటాయి, అవి గడిస్తే నిలబడే అవకాశం ఎక్కువ. డాక్టరు సలహాతో నికోటిన్ గమ్ము గాని పట్టీ గాని వాడడం: పళ్లు సరిగా లేనివారికి గమ్ము కష్టం, పట్టీ నయం. రోజుకు ఇన్నని తగ్గించుకుంటూ రావడం: ఆమె ఒప్పుకునేది బహుశా ఇదే, అయితే తగ్గించిన చుట్టలకు తగ్గట్టు నాళాలకు హాని తగ్గదు కాబట్టి, మానే తేదీ ముందే అనుకోకపోతే ఇది ఏళ్ల తరబడి సాగుతుంది. 1800 11 2356 నంబరుకు ఉచితంగా ఫోను చేస్తే పొగాకు మానడానికి సలహా చెబుతారు. మొదటిసారి మీరే చేసి, ఆమె పక్కన కూర్చోండి.

వదినగారి విషయంలో, ఆవిడకు చెప్పకుండా బిళ్లలు పక్కన పెట్టేయడం మీకు తేలికగా కనిపించవచ్చు. అలా చేస్తే ఇంట్లో మాట రాదు గాని, డబ్బాలు వస్తూనే ఉంటాయి, ఏదో ఒక రోజు బయటపడినప్పుడు కోడలు మందులు మాన్పించిందన్న నింద మీ మీద పడుతుంది. మీ వారితో చెప్పించడం ఇంకో దారి. అక్కకు తమ్ముడి మాట వినడం సులువే గాని, ఆయనకు ఈ లెక్కలు పూర్తిగా తెలియవు, వాదన కొలెస్ట్రాల్ బిళ్ల దాకా వెళ్తే ఆగిపోతారు. నేనైతే, డాక్టరు గదిలో ఉన్నప్పుడే ఫోను కలిపి, కాల్షియం ఫలితం చేతిలో పట్టుకుని, డాక్టరు చేతే ఆవిడతో మాట్లాడిస్తాను. అలా చేస్తే మీ మాట, ఆవిడ మాట అన్న పోటీ ఉండదు. ఆ ఫోనులో ముందుగా ఒక మాట మీరే అనండి: డి తక్కువని కనిపెట్టింది వదినే, ఆ పరీక్ష ఆవిడ చేయించకపోతే ఎవరికీ తెలిసేది కాదు అని. అది నిజం కూడా. తల్లికి దూరంగా ఉన్న కూతురు నెలనెలా ఆ డబ్బా పంపడం ఆమెకు చేయగలిగిన సేవ. దానిని తీసేసి ఖాళీ చేతులతో వదిలితే ఆవిడ మళ్లీ ఇంకొక డబ్బా పంపుతుంది. ఆ సేవకు వేరే రూపం ఇవ్వండి: చుట్ట మానే రోజుల్లో పొద్దున్నా సాయంత్రం తల్లితో ఫోనులో మాట్లాడడం ఆవిడ పని.

ఎండ సంగతి మీరు అడగలేదు గాని చెప్పాలి. అత్తగారు అరసవల్లి వెళ్లాలని అంటున్నారని రాశారు, తప్పక తీసుకెళ్లండి. అయితే తొలి కిరణం భక్తికి ఎంత గొప్పదైనా, ఏటవాలుగా పడే ఆ లేత ఎండలో డి తయారుచేసే కిరణాలు బహు తక్కువ. పొద్దు పైకి వచ్చాక, పది గంటల తర్వాత, చేతులు, మెడ, కాళ్లు తెరిచి ఓ ఇరవై నిమిషాలు కూర్చుంటే మన ప్రాంతంలో దాదాపు ఏడాదంతా డి పుడుతుంది. కిటికీ అద్దం వెనక కూర్చుంటే పుట్టదు. వైశాఖం ఎండలో మాత్రం వద్దు, ఒంట్లో నీరు తగ్గితే మూత్రపిండాలకు ప్రమాదం. గుడిలోనైనా సరే కాలే రాతి మీద చెప్పులు లేకుండా నిలబడనివ్వకండి. రక్తం చాలని పాదానికి బొబ్బ ఎక్కితే మానడానికి నెలలు పడుతుంది. ఇంటి మేడ మీద నీడా ఎండా కలిసే మూల ఒకటి చూసి కుర్చీ వేయించండి. ఎక్కవలసిన మెట్లు, దిగవలసిన వాటికంటే తక్కువ కదా.

కాల్షియం సంగతి సర్దుకున్నాక నడక మొదలుపెట్టించండి. ఈ జబ్బుకు నడకే మందు అంటే నొప్పితో ఉన్న మనిషికి కోపం వస్తుంది గాని, నొప్పి వచ్చేదాకా నడిచి, ఓర్చుకోగలిగినంత వరకు సాగించి, ఆగి, తగ్గాక మళ్లీ నడవడం, వారానికి కనీసం మూడు రోజులు, రోజుకు అరగంట నుంచి ముప్పావు గంట, మూడు నెలలు చేస్తే ఆగకుండా నడిచే దూరం పెరుగుతుందని పదేపదే రుజువైంది. శని, ఆదివారాలు మీ వారు మెట్లు దింపి అయోధ్య మైదానానికి తీసుకెళ్లవచ్చు, మిగతా ఒక రోజు మీరు. మొదటి రోజు ఎన్ని అడుగులకు పిక్క పట్టేసిందో ఒక పుస్తకంలో రాయండి, ప్రతి వారం రాయండి. పండుగనాడు లెక్కపెట్టినట్టే.

రోజూ రాత్రి పడుకునే ముందు ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకుని వేళ్ల సందులు, మడమలు, గోళ్ల మూలలు దీపం వెలుగులో చూడండి. పగుళ్లలో కొబ్బరినూనె రాయండి, ఆనెలు, గోళ్లు ఆమెను సొంతంగా కోసుకోనివ్వకండి. రాత్రి పడుకున్నప్పుడు పాదంలో నొప్పి వచ్చి మంచం కిందికి వేలాడదీస్తే తగ్గుతోందన్నా, చిన్న పుండు రెండు వారాలకు మానకపోయినా నాళాల డాక్టరుకు చూపించడంలో ఆలస్యం వద్దు. కాలు ఉన్నట్టుండి చల్లబడి, తెల్లబారి, తిమ్మిరెక్కి కదలకపోతే మాత్రం తెల్లవారేదాకా ఆగకండి. అప్పుడు కాలు దక్కడానికి ఉండేవి కొన్ని గంటలే, 108కి ఫోను చేసి ఆ రాత్రే ఆసుపత్రికి చేర్చండి.